అసాసిన్స్ క్రీడ్ వీడియో గేమ్‌లలో డెస్మండ్ కథను మధ్యలో ఎందుకు గాలికొదిలేశారు? మూడో భాగం తర్వాత ఆడటం దండగేనా?

చిరాకు మీ ఒక్కరిదే కాదు. "డెస్మండ్ చనిపోయాడు సరే, జూనో ఏమైంది? నాలుగో భాగం బ్లాక్ ఫ్లాగ్‌లో నన్ను ఆఫీసులో కూర్చోబెట్టారేంటి?" అని మీరు అడిగిందే 2013 నుంచి అభిమానులందరూ అడుగుతున్నారు. నేను రెండో భాగంతో ఈ సిరీస్‌లో పడి, తిట్టుకుంటూనే ఇప్పటిదాకా వచ్చాను. మనుషులకంటే ముందున్న ప్రాచీన జాతికి చెందిన జూనో సంగతి మీరే అడిగారు కాబట్టి ముందున్న ఆటల స్పాయిలర్లు కూడా రాస్తున్నాను.

మనం అసలు ఇందులో ఇరుక్కుందే వర్తమాన కథ వల్ల. అంటే, నేటి కాలపు డెస్మండ్ యానిమస్ అనే యంత్రంలో అసాసిన్లైన తన పూర్వీకుల జ్ఞాపకాల్లోకి వెళ్లే కథ. 2009లో వచ్చిన రెండో భాగం ముగింపు గుర్తు తెచ్చుకోండి. డెస్మండ్ పూర్వీకుడు ఎజియో వాటికన్ కింద గదిలోకి వెళ్తాడు. అక్కడ ప్రత్యక్షమైన, జూనో జాతిదే అయిన మినర్వా అతన్ని పక్కనపెట్టి, ముఖం తిప్పి నేరుగా తెరలోంచి మనవైపు చూస్తూ డెస్మండ్‌తో మాట్లాడుతుంది. 1499లో ఉన్న ఎజియోకి ఆ డెస్మండ్ ఎవడో తెలియదు, పాపం దిక్కులు చూస్తాడు. మా హాస్టల్లో ఒకే కంప్యూటర్ చుట్టూ మూగి చూస్తున్నాం. "రేయ్, మళ్లీ పెట్టరా" అని గోల. ఎజియో బతుకంతా ఎప్పుడో పుట్టబోయే ఒకడికి కబురు అందించడానికేనా అన్న ఆలోచనకి పిచ్చెక్కింది.

తర్వాతి ఏడాది బ్రదర్‌హుడ్. చివర్లో జూనో అందర్నీ ఎక్కడివాళ్లను అక్కడ బిగించేసి, డెస్మండ్ ఒంటిని తన అదుపులోకి తీసుకుంటుంది. అతని జట్టులోని లూసీ వైపు ఒక్కో అడుగూ వేయించేది మాత్రం మన చేతే. మనం కదపకపోతే అతను అక్కడే నిలబడి ఉంటాడు, వేరే దారి లేదు. ఆఖరికి కత్తి దిగుతుంది. ఎందుకు? 2011లో రెవెలేషన్స్ మొత్తం ఆడినా సూటిగా జవాబు దొరకదు. లూసీ అసాసిన్ల శత్రువులైన టెంప్లర్ల వైపు తిరిగిపోయిందన్న సంగతి 2012లో వచ్చిన ది లాస్ట్ ఆర్కైవ్ అనే డీఎల్‌సీలో (ఆటకి విడిగా జోడించే అదనపు భాగంలో) పెట్టారు. చేతులు మారి మా గదికొచ్చిన హార్డ్‌డిస్కులో ఆ డీఎల్‌సీ లేదు. లూసీ నిర్దోషి అని మెస్‌లో వాదించిన మా వాడొకడు చాలాకాలం పాటు అదే నమ్మకంతో ఉన్నాడు.

జూనోది ఇంకా అన్యాయం. మూడో భాగంలో 2012 డిసెంబర్ 21న ప్రపంచాన్ని కాపాడటానికి డెస్మండ్ ప్రాణమిస్తే, ఆమె బయటపడుతుంది. ఇక అసలు యుద్ధం ముందుందని మనకి చెప్పినట్టే కదా! బ్లాక్ ఫ్లాగ్‌లో ఆమె కోసం పన్నాగాలు, 2015లో సిండికేట్‌లోనూ ఇంకా పన్నాగాలే. 2017లో ఆరిజిన్స్ వచ్చేసరికి జూనో ఊసే లేదు, లేలా హసన్ అనే కొత్త మనిషి వచ్చింది. జూనో చచ్చిపోయింది అప్‌రైజింగ్ అనే కామిక్‌లో, షార్లెట్ అనే అమ్మాయి చేతిలో. ఆటలు మాత్రమే ఆడేవాళ్లకి ఆ షార్లెట్ ఎవరో కూడా తెలియదు. పెళ్లి మన ఊళ్లో చేసి భోజనాలు పక్కూళ్లో పెట్టినట్టుంది.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. తేదీలు కలవకపోవడం, యానిమస్ పనిచేసే తీరు మారిపోవడం లాంటివి నేను పెద్దగా పట్టించుకోను. పూర్వీకుల జ్ఞాపకాలే చూడగలం అన్నది కాస్తా, డీఎన్ఏ దొరికితే ఎవరివైనా చూడొచ్చు అయింది. సరే, యంత్రం మెరుగుపడింది అనుకోవచ్చు. కానీ ఏ తెర ముందు కూర్చోబెట్టి ఎదురుచూడమన్నారో, ఆ తెర మీదే ముగింపు చూపించాలి కదా.

చేతకాక కాదు. రెండో భాగంలో ఎజియో ఇంటి కింద అసాసిన్ల విగ్రహాలు ఉంటాయి, గుర్తుందా? అందులో అమ్యునెట్ ఎవరో ఆరిజిన్స్‌లో అయా అనే పాత్ర రూపంలో చక్కగా చూపించారు. ఆ విగ్రహాల్లోనే ఉన్న డేరియస్‌ని ఆరిజిన్స్ తర్వాతి ఆట ఒడిస్సీ డీఎల్‌సీలోకి తెచ్చారు. కాకపోతే అదే డీఎల్‌సీలో ఇంకో తగవు. ఎవరిని ప్రేమించాలో మీ ఇష్టం అని అమ్మిన ఆటలో, మనం ఏది ఎంచుకున్నా కథానాయకుడికో నాయికకో బలవంతంగా ఒక జోడీని, బిడ్డని కట్టబెట్టారు. గొడవయ్యాక క్షమాపణ చెప్పి, 2019లో అప్‌డేట్‌తో కొంత మార్చారు.

మొదటి భాగంలో దారినపోయేవాళ్లను చంపితే "ఆల్టయిర్ పౌరులను చంపలేదు" అని ఆ ఆట నాయకుడి పేరు మీద హెచ్చరిక వచ్చేది. జరిగిపోయిన చరిత్రను మార్చే హక్కు మనకి లేదని అర్థం. ఒడిస్సీలో అదే పని చేస్తే కిరాయి సైనికులు వెంటపడతారు, అంతే. ఆ తర్వాత వచ్చిన షాడోస్ ఆటలో అసలు కథ ప్రకారం ఎంపికలన్నీ ఆటే చేసేసే కెనాన్ మోడ్ పెట్టారంటే, ఆ లోటు వాళ్లకీ తెలిసే ఉంటుంది.

ఎందుకిలా అంటే, ఈ కథకి మొదటి నుంచీ దర్శకుడిగా ఉన్న పాట్రిస్ డెసిలే బ్రదర్‌హుడ్ విడుదలకు ముందే, 2010లో కంపెనీ వదిలేశాడు. 2009 నుంచి 2015 దాకా ఏటా కనీసం ఒక పెద్ద ఆట దింపారు. ఆ హడావుడిలో ఒక పెద్ద కథని ఒకే చేయి పట్టుకుని నడపడం కష్టం. దానికితోడు చాలామంది ఆడేది ఈజిప్టు, గ్రీసు తిరగడానికి. వాళ్లకి వర్తమాన భాగం మధ్యలో వచ్చే అడ్డంకి. నాకైతే అదే అసలు ఆట, ఏం చేస్తాం!

దండగ అని మాత్రం అనను. బ్లాక్ ఫ్లాగ్‌ని సముద్రపు దొంగల కథగా ఆడేయండి, ఆఫీసు భాగాన్ని పెద్దగా పట్టించుకోకండి. వర్తమాన కథ కోసమే అయితే రోగ్, యూనిటీ, సిండికేట్‌లు వదిలేసినా నష్టం లేదు. జూనో చావు గురించి ఎక్కడైనా రెండు పేరాలు చదివితే చాలు. ఆరిజిన్స్ నుంచి కొత్త సిరీస్ అనుకోండి. లేలా కథ మూడు ఆటల్లో నడిచి 2020లో వల్హల్లాలో ముగుస్తుంది. అక్కడ బూడిదరంగు వెలుగులో ఒక ఆకారం ఆమెతో మాట్లాడుతుంది. పేరు చెప్పరు గానీ, మూడో భాగం ఆడిన మీకు అది ఎవరో రెండు మాటల్లోనే తెలిసిపోతుంది. ఆ సీన్ కోసమైనా లేలాని ఓపికపట్టండి, దారిలో డీఎల్‌సీలతో సహా, ముఖ్యంగా ఒడిస్సీలో అట్లాంటిస్‌ది.