పిల్లల కోసం ఉద్యోగం మానేసిన టీచరుకు పాత టెట్ చెల్లుతుందా?

చెల్లుతుంది. టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) అర్హత పత్రానికి మొదట 7 ఏళ్ల గడువే ఉండేది గానీ, 2021లో కేంద్రం దానిని జీవితకాలానికి పెంచి, 2011 నుంచి ఉత్తీర్ణులైన వారందరికీ వర్తింపజేసింది. కాబట్టి పిల్లల పెంపకం కోసం తిరుపతిలోని ప్రైవేటు బడిలో ఉద్యోగం మానేసి, ఇన్నేళ్ల తర్వాత మళ్లీ బోధనకు రావాలనుకునే మీరు ఆ పత్రాన్ని నిస్సంకోచంగా చూపవచ్చు. అయితే ప్రభుత్వ బడుల టీచర్లను నియమించే డీఎస్సీ ఎంపికలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉన్నందున, అప్పటి మార్కులు తక్కువగా ఉంటే టెట్ మళ్లీ రాయడమే మేలని నా గట్టి అభిప్రాయం. మీరు దూరంగా ఉన్న కాలంలో ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కనే ఉండే ద్విభాషా పుస్తకాలుగా మారాయి గనుక, సన్నద్ధత వాటితోనే మొదలుపెట్టండి. వయోపరిమితిని మాత్రం ప్రతి నోటిఫికేషన్‌లోనూ సరిచూసుకోవాలి. 2025 మెగా డీఎస్సీలో అది జనరల్ అభ్యర్థులకు 44 ఏళ్లు.