మూడో ఎంపిక కుమార్

మైదానం ముచ్చట: పాఠకుల ప్రశ్నలు, ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడి జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు అమెరికాలో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటారు. ఎండాకాలం మూడు నెలలు అక్కడ ఉండి వచ్చాను. ఇంటిల్లిపాదికీ బేస్‌బాల్ పిచ్చి, వాళ్ల జట్టు రేంజర్స్. భోజనాల దగ్గర అల్లుడికీ పద్నాలుగేళ్ల మనవడికీ ఒకటే వాదన. 2022 డ్రాఫ్ట్‌లో తమ జట్టు కుమార్ రాకర్ అనే అబ్బాయిని మొదటి రౌండ్‌లో మూడో ఎంపికగా తీసుకోవడం శుద్ధ తప్పని అల్లుడు, కాదని మనవడు. ముందటి ఏడాది వేరే జట్టు ఒకటి, అబ్బాయి చేతికి ఏదో దెబ్బ ఉందని వదిలేసిందట. పేరు వినగానే మనవాడేమో అనిపించి నాకూ మనసు అటే లాగింది. అసలు ఈ డ్రాఫ్ట్ ఏమిటి? ఇద్దరిలో ఎవరి మాట సబబు?
– ఒక పాఠకురాలు, నయీంనగర్, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ కుర్రవాడంటే నాకూ మొదటినుంచీ అభిమానమే. తల్లి భారత సంతతి ఆవిడ, ఆ పేరు అలా వచ్చింది. కానీ పేరు చూసి తీర్పు చెప్పను.

డ్రాఫ్ట్ అంటే కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా పేరు పిలిచి పంచుకోవడం. జట్లన్నీ ఒక వంతు పూర్తిచేస్తే ఒక రౌండ్. అమెరికా బేస్‌బాల్‌లో 1965 నుంచి నడుస్తోంది. మన ఐపీఎల్ వేలంలో ఎవరు ఎక్కువ పాడితే వారిదే ఆటగాడు. ఇక్కడ అలా కాదు, 2022 దాకా ముందటి ఏడాది బాగా ఓడిన జట్టుకి ముందు వంతు ఉండేది. 2021లో రేంజర్స్ 162 మ్యాచ్‌లలో 102 ఓడిపోయింది, అందుకే మరుసటి ఏడాది మూడో పిలుపు వచ్చింది. ఎన్నాళ్లో కష్టపడి చూసిన అభిమానులకు ఆ ఒక్క పిలుపే ఓదార్పు. దాన్ని దెబ్బ తిన్న చేతి మీద పెట్టారంటే మీ అల్లుడికి కడుపు మండదా?

కుమార్ మామూలు పిచర్ కాదు. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడు. బేస్‌బాల్‌లో ఒక మ్యాచ్ ముగియాలంటే అవతలి జట్టును 27 సార్లు ఔట్ చేయాలి. 2019లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తరఫున ఆడుతూ, డ్యూక్ జట్టు మీద ఒకే మ్యాచ్‌లో 19 మందిని ఈ అబ్బాయే స్ట్రైకౌట్ చేశాడు (అంటే బంతిని మైదానంలోకి కొట్టనివ్వకుండానే ఔట్ చేశాడు), ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. అప్పటికి మొదటి ఏడాది విద్యార్థి! 2021లో న్యూయార్క్ మెట్స్ పదో ఎంపికగా పిలిచి 60 లక్షల డాలర్లకు ఒప్పుకుంది. తర్వాత వైద్య పరీక్షల్లో అనుమానం వచ్చి సంతకం చేయకుండానే వదిలేసింది. మెట్స్‌కి నష్టం లేదు, నిబంధన ప్రకారం మరుసటి ఏడాది పదకొండో పిలుపు బదులుగా దక్కింది. పిల్లవాడికే జట్టు లేకుండా పోయింది. ఆ సెప్టెంబరులో భుజానికి శస్త్రచికిత్స చేయించుకున్నాడు. 2022లో ట్రై-సిటీ అనే చిన్న స్వతంత్ర జట్టుకి 20 ఇన్నింగ్స్ (ఇక్కడ మూడు ఔట్లకి ఒక ఇన్నింగ్స్) వేసి 32 మందిని స్ట్రైకౌట్ చేశాడు. జులైలో రేంజర్స్ పిలిచింది.

మీ అల్లుడితో ఈ సంగతి ఒకటి మాట్లాడండి. ఒక్కో పిలుపుకీ ఇంత బోనస్, అంటే సంతకం చేసినందుకు ఇచ్చే సొమ్ము, అని లీగ్ ఒక లెక్క కడుతుంది. మొదటి పది రౌండ్ల లెక్కలన్నీ కూడితే వచ్చేదే జట్టు మూట. అందులో ఎవరికెంత పంచుకున్నా జట్టు ఇష్టం, మొత్తం మాత్రం బాగా దాటకూడదు. అయిదు శాతానికి మించి దాటితే ముందుముందు మొదటి రౌండ్ పిలుపే పోతుంది. మూడో స్థానానికి కట్టిన లెక్క దాదాపు 76 లక్షల డాలర్లు, కుమార్ 52 లక్షలకు ఒప్పుకున్నాడు. మిగిలిన సొమ్ము చేతిలో ఉంది కాబట్టే, మొదటి రౌండ్‌లోనే పోతాడని చాలామంది అనుకున్న మిషిగన్ హైస్కూలు పిచర్ బ్రాక్ పోర్టర్‌ని నాలుగో రౌండ్‌లో పిలిచి 37 లక్షలకు ఒప్పించగలిగారు. వేరే జట్ల నుంచి పెద్ద ఆటగాళ్లను తెచ్చుకున్నందుకు ఆ ఏడాది వాళ్లకు రెండో రౌండ్, మూడో రౌండ్ పిలుపులే లేవని గుర్తుంచుకోవాలి. ఒక పిలుపుతో ఇద్దరు పిచర్లను తెచ్చుకునే ఎత్తు వేశారన్నమాట.

అయినా మీ అల్లుడి దగ్గర గట్టి మాటే ఉంది. అదే రౌండ్‌లో ఏడో పిలుపుతో కబ్స్ జట్టు తీసుకున్న పిచర్ కేడ్ హోర్టన్ 2025లో, పెద్ద లీగ్‌లో తొలి ఏడాదే, 11 గెలుపులు తన పేరిట రాయించుకున్నాడు. కుమార్‌కి 2023 మేలో మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. 2024లో మీ వాళ్లుండే ఫ్రిస్కోలోని చిన్న జట్టుకి కూడా ఆడి, సెప్టెంబరు 12న సియాటిల్‌లో మొదటిసారి పెద్ద జట్టులోకి దిగాడు. నాలుగు ఇన్నింగ్స్, ఏడు స్ట్రైకౌట్లు. 2025 అంత సాఫీగా సాగలేదు, మధ్యలో కింది స్థాయికి పంపారు. అంకెలు పట్టుకుంటే అల్లుడిదే పైచేయి.

నేను మాత్రం మీ మనవడి పక్షం. కారణం చెప్పాలంటే నా సంగతి ఒకటి చెప్పాలి.

ముప్ఫై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ బడుల్లో పనిచేశాను. ఒక ఏడాది హనుమకొండ స్టేడియంలో జిల్లా సాఫ్ట్‌బాల్ ఎంపికలు. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక పిల్లవాడు మైదానం చివరి నుంచి బంతి విసిరితే గీత గీసినట్టు వచ్చి క్యాచర్ చేతిలో పడేది. మధ్యాహ్నం విరామంలో నీళ్ల కుండ దగ్గర నిలబడి ఉన్నాను. ఆ పిల్లవాడు ఎడమచేత్తో గ్లాసు ముంచుకున్నాడు. ఎడమచేత్తోనే సంచి ఎత్తి, ఎడమ భుజానికే తగిలించుకున్నాడు. కుడిచెయ్యి పొట్టకి ఆనించి పెట్టుకున్నాడు. "చెయ్యి నొప్పా?" అంటే "లేదు సార్" అన్నాడు, నా ముఖం చూడకుండా. సాయంత్రం జాబితాలో అతని పేరు కొట్టేశాను.

కొట్టేయడం తప్పని ఇప్పటికీ అనను. ఆ చేత్తో నాలుగు రోజులు ఆడించి ఉంటే పూర్తిగా పాడయ్యేది. కొట్టేసి ఊరుకున్నాను చూడండి, తప్పు అక్కడుంది. ఆస్పత్రికి తీసుకెళ్లలేదు, రెండు నెలలు విశ్రాంతి తీసుకుని మళ్లీ రమ్మని చెప్పలేదు. మరుసటి ఏడాది ఎంపికల్లో ఆ ముఖం కోసం వెతికాను. రాలేదు.

అందుకే మెట్స్ భయపడిందంటే నాకు అర్థమవుతుంది, రేంజర్స్ మీద మాత్రం గౌరవం కలుగుతుంది. మోచెయ్యి దెబ్బతిన్నాక కూడా పిల్లవాడిని తొందరపెట్టలేదు. పదహారు నెలలు ఆగారు. కింది స్థాయిలో కొద్దికొద్దిగా వేయించి, ఆ తర్వాతే పైకి తెచ్చారు. ఎంపికను పేరు పిలిచిన రోజుతో కాక ఆ తర్వాతి రెండేళ్లతో కలిపి చూడమని మీ అల్లుడికి చెప్పండి.

ప్రశ్న: మొదటి రౌండ్‌లో వచ్చినవాళ్లంతా పెద్ద ఆటగాళ్లు అవుతారా? రాకపోతే ఇక అంతేనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: కాదు బాబూ. 1991లో మొత్తం డ్రాఫ్ట్‌లోనే మొదటి ఎంపిక బ్రియన్ టేలర్. భుజానికి దెబ్బ తగిలింది, పెద్ద లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 1999లో ఆల్బర్ట్ పుహోల్స్‌ని పిలిచింది పదమూడో రౌండ్‌లో, 402వ పేరుగా. ఆయన 703 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టి రిటైరయ్యాడు. మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. చిన్నప్పుడు ఊళ్లో జనం ఆ పిల్లను వెక్కిరించేవారు. అప్పుడు జాబితాలు రాసి ఉంటే ఆమె పేరు ఎన్నోదిగా ఉండేదో ఆలోచించు.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. బడి బేస్‌బాల్ జట్టులో పిచర్. రాష్ట్ర ఎంపికలు దగ్గరపడ్డాయని రోజుకి 150 బంతులు వేస్తున్నాడు. రాత్రిళ్లు మోచెయ్యి లాగుతోందంటాడు. పసుపు పట్టు వేస్తున్నాం. కొనసాగించమంటారా?
– ఒక తండ్రి, మహబూబాబాద్

జవాబు: వద్దు. ఈ ఉత్తరం చూసి నాకు భయం వేసింది. అమెరికాలో పిల్లల చేతులు పాడవుతుంటే చూడలేక అక్కడి బేస్‌బాల్ సంస్థలే హద్దులు పెట్టాయి. 13, 14 ఏళ్ల పిల్లలు మ్యాచ్‌లో ఒక రోజుకి 95 బంతులకు మించి వేయకూడదు. 65 దాటితే ఆ తర్వాత నాలుగు రోజులు పూర్తి విశ్రాంతి. మీ అబ్బాయి 150 వేస్తున్నాడు, అదీ రోజూ. ఆ వయసులో ఎముక చివరలు ఇంకా గట్టిపడవు, కండ లాగిన ప్రతిసారీ ఆ మెత్తటి చోటే ఒత్తిడి పడుతుంది. పసుపు పట్టు దాకా వచ్చిన నొప్పిని ఎంపికల కోసం దాచనివ్వకండి. అన్నం ఏ చేత్తో తింటున్నాడో, తల ఏ చేత్తో దువ్వుకుంటున్నాడో ఈ పూటే గమనించండి. బంతి తీసి బీరువాలో పెట్టండి. ఎముకల వైద్యుడికి చూపించి, ఆయన ఏమన్నారో నాకు వెంటనే రాయండి. ఎంపికలు వచ్చే ఏడాది కూడా ఉంటాయి, ఆ మాట మీ నోటితో మీరే వాడికి చెప్పండి.