వేల్స్‌లో ఒక్క ఏడాదే ఉంటే ఆగస్టు మొదటి వారం వదులుకోకండి

జనవరిలో స్వాన్సీకి చదువుకోడానికి వస్తున్నానని, ఉండేది ఏడాదేనని, వెల్ష్ వాళ్ల సంబరాల్లో ఏవి తప్పక చూడాలని అడిగారు. నేను కార్డిఫ్‌లో తొమ్మిదేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. మా అమ్మాయి వెల్ష్ మీడియం బళ్లో చదువుతోంది. ఇక్కడి పండగలు నాకు తెలిసింది చాలావరకు ఆ పిల్ల వల్లే.

ఇంకేది కుదిరినా కుదరకపోయినా ఆగస్టు మొదటి వారం ఖాళీ ఉంచుకోండి. వెల్ష్ భాషలో కవిత్వం, పాటల పోటీలు జరిగే పెద్ద పండగ, జాతీయ ఐస్తెద్‌వొద్, అప్పుడే. ఒక ఏడు ఉత్తరాన, మరో ఏడు దక్షిణాన, ఏటా కొత్తచోట జరుగుతుంది. 2024లో పొంటిప్రిద్‌లో జరిగితే వెళ్లాం. వీళ్ల జాతీయగీతం 1856లో పుట్టింది ఆ ఊళ్లోనే, రాసింది తండ్రి, బాణీ కట్టింది కొడుకు.

ఆ వారం శుక్రవారం గెలిచిన కవికి బహుమతిగా కుర్చీ ఇచ్చే వేడుక చూడాలి. కవులు మారుపేర్లతో కవితలు పంపుతారు. గెలిచినవాళ్లు జనంలోనే ఎక్కడో మామూలుగా కూర్చుని ఉంటారు. దీపాలు తగ్గించి మారుపేరు పిలుస్తారు, బాకా ఊదుతారు, అప్పుడు ఒక్కరు లేచి నిలబడతారు. ఆ క్షణంలో నా పక్కనున్న పెద్దావిడ, నేనెవరో కూడా తెలియకుండానే, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత కవి తలమీదుగా కత్తి పట్టి, ఒరలోంచి కాస్త లాగి, శాంతి ఉందా అని మూడుసార్లు అడుగుతారు. మూడుసార్లూ హాలంతా ఒక్క గొంతుతో 'హెదుఖ్', అంటే శాంతి, అంటుంది. పంపినవాటిలో తగిన కవిత లేదనుకుంటే ఆ ఏడాది కుర్చీ ఎవరికీ ఇవ్వరు.

ఈ కవితకి కంగ్‌హానెద్ అనే కట్టుబాటు ఉంది. అందులో ఒక రకంలో పాదం మొదటి సగంలో వచ్చిన హల్లులు అదే వరసలో రెండో సగంలోనూ రావాలి. యతిప్రాసల మధ్య పెరిగిన మనకి చెవి వెంటనే పట్టేస్తుంది. భాష అర్థం కాకపోయినా ఆ మోత నాకు మా తాతయ్య పద్యం చదవడాన్ని గుర్తు చేసింది.

1917లో అలాగే మారుపేరు పిలిస్తే ఎవరూ లేవలేదు. గెలిచిన హెద్ విన్ అనే రైతుబిడ్డ జులై 31న యుద్ధంలో చనిపోయాడు. ఆ కుర్చీ మీద నల్లగుడ్డ కప్పారు. ఇప్పటికీ ఆ మాట చెప్పేటప్పుడు ఇక్కడి వాళ్ల గొంతు మారుతుంది.

మిగతా ఏడాదిలో, జనవరి 25 వెల్ష్ వాళ్ల ప్రేమికుల దినం. మార్చి 1 వేల్స్ రక్షక సాధువు సెయింట్ డేవిడ్ రోజు, పిల్లలు పాతకాలపు టోపీలు, డాఫొడిల్ పూలు పెట్టుకుని బడికి వెళ్తారు. ఫిబ్రవరి, మార్చిల్లో రగ్బీ. మ్యాచ్ ఉన్నరోజు కార్డిఫ్ అంతా ఎర్రచొక్కాలే. మే చివర్లో పిల్లల ఐస్తెద్‌వొద్, జులైలో లాన్‌ఎల్వెద్‌లో పశువుల, వ్యవసాయ ప్రదర్శన. అక్టోబర్ 21న మాత్రం గొంతు తగ్గించండి. 1966లో ఆ రోజు అబర్‌వాన్ అనే ఊళ్లో బొగ్గు తవ్వి పోసిన మట్టిగుట్ట జారి బడి మీద పడింది. 144 మంది పోయారు, అందులో 116 మంది పిల్లలు.

ఇదంతా భాష చుట్టూ తిరుగుతుంది. 2021 జనాభా లెక్కల్లో వెల్ష్ వచ్చినవాళ్లు 17.8 శాతమే. వెల్ష్‌లో టీవీ ఛానెల్ కావాలని 1980లో వెల్ష్ రాజకీయ నాయకుడు గ్విన్వోర్ ఎవాన్స్ ఆమరణ నిరాహారదీక్షకి సిద్ధపడ్డారు. దీక్ష మొదలవకముందే ప్రభుత్వం దిగివచ్చింది, 1982లో ఛానెల్ వచ్చింది. మా వార్డులో ఒక పెద్దాయనకి పొట్టి శ్రీరాములు గారి గురించి చెప్పాను. 58 రోజులా అని అడిగి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఐస్తెద్‌వొద్ మైదానంలో అంతా వెల్షే, ఇంగ్లీషు అనువాదానికి హెడ్‌ఫోన్లు ఇస్తారు, తీసుకోండి. స్వాన్సీలో పెద్దవాళ్లకి వెల్ష్ క్లాసులు ఉంటాయి, దిగిన వారంలోనే చేరండి. శుక్రవారం హాలు తొందరగా నిండుతుంది, మధ్యాహ్నానికే వెళ్లి కూర్చోండి.