పురోహితుడు, మంత్రాలు లేకుండా మనకు నచ్చినట్టు పెళ్లి చేసుకుంటే చెల్లుతుందా?

నిక్షేపంగా చెల్లుతుంది, కాకపోతే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోవాలి. ముందు నోటీసు ఇవ్వాలి. 30 రోజుల్లో సరైన అభ్యంతరం ఏదీ రాకపోతే ఇక తంతు మీ ఇష్టం. వివాహ అధికారి, ముగ్గురు సాక్షుల ఎదుట "నిన్ను చట్టబద్ధమైన భార్యగా (భర్తగా) స్వీకరిస్తున్నాను" అని ఒకరికొకరు చెప్పుకోవడం మాత్రం తప్పనిసరి. తెలుగులోనే చెప్పొచ్చు. అదనపు ఫీజు కడితే అధికారి దగ్గర్లోని హాలుకే వచ్చే వీలు కూడా చట్టంలో ఉంది.

ఇది కొత్త పోకడేం కాదు. నాస్తికోద్యమ నాయకుడు గోరా తన కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి 1948లో సేవాగ్రామ్ ఆశ్రమంలో పెళ్లి చేశారు. పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పడానికి గాంధీ అంతకుముందే ఒప్పుకున్నారు. నాకు ఎంతో గౌరవం ఉన్న పెళ్లి అది.

స్టేజీ మీద దండలు మార్చుకుని మాత్రం ఊరుకోవద్దు. తమిళనాడులో ఆత్మగౌరవ వివాహాలకు (పురోహితుడు లేకుండా దండలు మార్చుకుని చేసుకునే పెళ్లిళ్లు) హిందూ వివాహ చట్టానికి 1967లో చేసిన సవరణ రక్షణ ఉంది, మన రెండు రాష్ట్రాలకూ అది వర్తించదు. రేపు ఆస్తి, పింఛను దగ్గర పేచీ వస్తే ఎక్కువగా నలిగేది భార్యే. ప్రమాణాలు మీరే రాసుకోండి, అమ్మానాన్నలతో నాలుగు మాటలు మాట్లాడించండి, సంతకాలు కూడా అదే వేదిక మీద పెట్టండి.