క్రిస్మస్ నెలలో ఇంటి ఆరోగ్యం: పెద్దమ్మ రాసిన లేఖ

ప్రియమైన గ్రేస్‌కు,

ప్రభువు నామంలో శుభాలు. ఈ ఏడాది పండుగ బాధ్యతంతా నీ మీదే పడిందని, నాన్నగారికి మధుమేహం బయటపడ్డాక వస్తున్న మొదటి క్రిస్మస్ కావడంతో ఏం వండాలో, ఏం మానాలో తోచడం లేదని రాశావు. వంటల గురించి అంతగా మథనపడకు. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసినన్నాళ్ళూ నేను గమనించినదేమిటంటే, 25వ తేదీన తిన్న ఒక్క పూట బిర్యానీ కంటే, సెమీ క్రిస్మస్‌లతో మొదలై 31 రాత్రి ఆరాధన దాకా తిండికీ నిద్రకూ మందులకూ వేళ తప్పడమే మనవాళ్ళను ఎక్కువగా మంచాన పడేస్తుంది.

నాన్నగారి మాత్రల్లో గ్లిమిపిరైడ్ ఉందన్నావు కాబట్టి ఈ ఒక్క సంగతి బాగా గుర్తుంచుకో. ఆ మాత్ర వేసుకున్నాక భోజనం ఆలస్యమైతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. క్యారల్స్ వాళ్ళు వచ్చేదాకా ఆగుదామనో, ఆరాధన అయ్యాక అందరం కలిసి తిందామనో ఆయనను ఖాళీ కడుపుతో కూర్చోబెట్టవద్దు. ఆయన వేళకు ఆయనకు వడ్డించు, ఎవరూ తప్పు పట్టరు. ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తర్వాత గ్లూకోమీటరుతో చూసి, 70 కంటే తక్కువ ఉంటే మళ్ళీ అలాగే తాగించు. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చెయ్యి. ఉపవాస ప్రార్థనలో కూర్చుంటానని ఆయన పట్టుబడితే, ముందుగా డాక్టరుగారిని అడగకుండా ఒప్పుకోవద్దు.

పిండివంటలు పూర్తిగా మాన్పించాలని చూడకు, చాటుగా తినడం మొదలుపెడతారు. భోజనంలో అన్నం కాస్త తగ్గించి, ఒక అరిసో చిన్న కేకు ముక్కో భోజనంతోనే పెట్టు. బెల్లంతో చేసినవి కనుక అరిసెలు ఎన్ని తిన్నా ఫరవాలేదని మన బంధువుల్లో కొందరు ధైర్యం చెబుతారు. బెల్లం కూడా చక్కెరను పెంచుతుంది, ఆ మాట వినకు. చక్రాలు వేయించిన నూనెను మర్నాటి గారెలకు, ఆ మర్నాటి చేపలకు వాడే అలవాటు మన ఇళ్ళలో ఉంది, అదీ మానెయ్యి. ఇరుగుపొరుగుకు పంచే పళ్ళేలు ముందే సర్దేస్తే ఇంట్లో మిగిలేవి తక్కువవుతాయి.

ప్రేమవిందు నుంచి తెచ్చిన బిర్యానీని రాత్రంతా గిన్నెలోనే ఉంచి తెల్లవారి తినడం వల్ల వాంతులు, విరేచనాలు పట్టుకున్న వారిని ప్రతి ఏటా చూసేదాన్ని. వండిన రెండు గంటల్లోపు చిన్న గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టు, తినే ముందు పొగలు వచ్చేదాకా వేడి చెయ్యి.

పిల్లలను వారం రోజుల పాటు ప్రతి రాత్రీ క్యారల్స్‌కు పంపవద్దు, ఒకటి రెండు రాత్రులు చాలు. మంచులో తిరిగేటప్పుడు తమ్ముడు ఉబ్బసం ఇన్‌హేలరు జేబులో పెట్టుకోవాలి. అర్ధరాత్రి దాటాక నిద్రమత్తులో బండి నడపకుండా, చర్చికి దగ్గరలో ఉన్న మీ బాబాయిగారింట్లోనే పడుకుని ఉదయం రమ్మను.

ఇక నీ సంగతి. పగలంతా ఉద్యోగం, రాత్రంతా పొయ్యి దగ్గర నిలబడటం రెండూ కుదరవు. కేకు బేకరీలో కొను, అందులో చిన్నతనమేమీ లేదు. కోడి కూర మీ వదినకు, ఇల్లు అలంకరించడం తమ్ముడికి అప్పగించి, 24 మధ్యాహ్నం రెండు గంటలైనా తలుపు వేసుకుని పడుకో.

పండుగ రోజుల్లో క్లినిక్కులు మూసి ఉండవచ్చు. కాబట్టి నాన్నగారి మాత్రలు, గ్లూకోమీటరు స్ట్రిప్పులు జనవరి మొదటి వారం దాకా సరిపోతాయో లేదో 20వ తేదీలోపే చూసి, తక్కువైతే తెప్పించు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ