వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఎవరు, ఆడవేషం వేసే ఆయనకి అంత పేరు ఎందుకు?

సింపుల్‌గా చెప్పాలంటే కూచిపూడి నాట్యంలో సత్యభామ అనగానే పెద్దవాళ్ళకి గుర్తొచ్చే పేరు ఆయనదే. 1935లో కృష్ణా జిల్లా కూచిపూడి ఊళ్ళోనే పుట్టారు, అక్కడి బ్రాహ్మణ కుటుంబాల్లో తరతరాలుగా మగవాళ్ళే ఆడేవాళ్ళు, ఆడపాత్రలు కూడా వాళ్ళే వేయాలి కాబట్టి స్త్రీవేషం అనేది అక్కడ ఒక పెద్ద విద్య, ఆయన దాన్ని అన్నగారు ప్రహ్లాద శర్మ గారి దగ్గర, తర్వాత చింతా కృష్ణమూర్తి గారి దగ్గర నేర్చుకున్నారు.

భామాకలాపం అని సత్యభామ కథతో ఆడే కూచిపూడి నృత్యనాటకం ఉంది, అందులో సత్యభామ ఎంట్రీ చూడాలండీ. ముందు తెర పట్టుకుంటారు, ఆ తెర మీదుగా పొడుగాటి జడ ఒక్కటే బయటికి వేలాడుతుంది, మనిషి కనపడరు. ఆ జడ వేయడం అంటే నన్ను మించినవాళ్ళు ఉంటే రండి అని సవాలు. తర్వాత తెర తీస్తే ప్రవేశ దరువు, అంటే పాత్ర తనని తాను పరిచయం చేసుకునే పాట, ఆ నడకలో గర్వం, ఆ వాలుచూపు... మగమనిషి అన్న సంగతే మర్చిపోతాం. ఇది చీర కట్టినంత మాత్రాన వచ్చేది కాదు, నడుము, మెడ, కళ్ళు అన్నీ ఆ పాత్రవే అయిపోవాలి.

ఉష, మోహిని వేషాలకి కూడా ఆయనకి మంచి పేరుంది. కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు 1961లో, అంటే పాతికేళ్ళ వయసుకే వచ్చేసింది, 1970లో పద్మశ్రీ. 2012 నవంబర్‌లో చనిపోయారు.

ఇప్పుడు కూచిపూడిలో ఎక్కువమంది అమ్మాయిలే, అది చాలా సంతోషమే, కానీ ఈ స్త్రీవేషం విద్య తగ్గిపోతుంటే మాత్రం నాకు నిజంగా బాధేస్తుంది. వీడియోలు దొరికితే తప్పకుండా చూడండి, ముందు ఆ జడ సీన్.