అమెరికన్ జాజ్ పియానిస్టు థెలోనియస్ మంక్‌కి పియానో సరిగా రాదంటారు, నిజమేనా? ఆయన మీద ఎవరెవరి ప్రభావం ఉంది?

మీ రెండో ప్రశ్న సంగతి తర్వాత. మొదటిది వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయనకి పియానో వచ్చు, భేషుగ్గా వచ్చు. ఆ మాట నాకు ఏ జాజ్ విమర్శకుడూ చెప్పక్కర్లేకపోయింది, మా వీణ అమ్మగారు చెప్పారు.

మాది బొబ్బిలి దగ్గర. పన్నెండేళ్ళు విజయనగరం వెళ్ళి అమ్మగారి దగ్గర వీణ నేర్చుకున్నాను. తర్వాత ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చేశాక వీణ వాయించడం తగ్గింది. కీబోర్డు క్లాసుల్లో చేరాను, అక్కణ్ణించి జాజ్ పట్టుకుంది. నాలుగేళ్ళ కిందట వేసవిలో అమ్మగారికి కంటి ఆపరేషన్ అయిందంటే చూడ్డానికి వెళ్ళాను. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పడక్కుర్చీలో కూర్చున్నారు. టీవీ చూడొద్దన్నారట, పుస్తకం పట్టుకోవద్దన్నారట, విసుగ్గా ఉన్నారు. "నువ్వేదో ఇంగ్లీషు సంగీతం వింటున్నావటగా, పెట్టు చూద్దాం" అన్నారు.

నా బ్యాగులో చిన్న స్పీకరు ఉంది. 1959లో మంక్ శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక్కడే కూర్చుని వాయించిన రికార్డులోంచి 'బ్లూ మంక్' పెట్టాను.

ఒక నిమిషం విని, "ఏవిటే ఇది, మెట్ల మీద పిల్లి నడిచినట్టు?" అన్నారు. నాకు మనసు చివుక్కుమంది. ఆపబోతే, "ఉండు, ఉండు" అన్నారు. అయ్యాక మళ్ళీ పెట్టమన్నారు. మూడోసారి వింటూ చెయ్యెత్తి, "ఇక్కడ. ఇక్కడ రెండు మెట్లు కలిపి నొక్కాడు చూడు. నొక్కి ఒకటి వదిలేశాడు, రెండోది మోగుతోంది" అన్నారు.

తర్వాత వీణ తెమ్మన్నారు. డాక్టరు వంగొద్దన్నారని ఇంట్లోవాళ్ళు గోల పెడుతున్నా వినలేదు. సాధారణ గాంధారం మెట్టు మీద వేలు పెట్టి మీటి, తీగని కొద్దిగా లాగారు. దానికి పైమెట్టు అంతర గాంధారం దాకా వెళ్ళలేదు, ఆ రెంటికీ మధ్యలో ఆపారు. "వాడికి కావలసింది ఇది. ఆ పెట్టెలో తీగ లాగడానికి లేదుగా, పాపం. అందుకని అటుదీ ఇటుదీ రెండూ నొక్కి, మధ్యలోది మన చెవికి వదిలేశాడు. గమకం తెలిసినవాడే."

నేను అప్పటికి మూడేళ్ళుగా మంక్‌ని వింటున్నాను. ఆ ముక్క నాకు తట్టలేదు.

అమెరికా నల్లజాతివాళ్ళ బ్లూస్ పాటలో గాంధారం సరిగ్గా అక్కడే ఉంటుంది, రెండు గాంధారాల నడుమ. గొంతుకి అది తేలిక, గిటారు మీదా తీగ లాగొచ్చు. పియానోకి కుదరదు. మన హార్మోనియంకీ ఇదే ఇబ్బంది. మెట్టుకీ మెట్టుకీ మధ్య జారడం దానికి చేతకాదనేగా 1940లో ఆల్ ఇండియా రేడియో దాన్ని ముప్పై ఏళ్ళపాటు దూరం పెట్టింది. తోడి రాగంలో గాంధారం హార్మోనియం మీద మామూలుగా నొక్కితే ఎంత చప్పగా ఉంటుందో విన్నవాళ్ళకి తెలుసు. మంక్ ఆ చప్పదనానికి ఒప్పుకోలేదు. ఆయన 'తప్పు స్వరాలు' అని జనం అనేవాటిలో సగం ఇవే.

ఇక ప్రభావాలు. మంక్ 1917లో నార్త్ కరోలినాలోని రాకీ మౌంట్‌లో పుట్టాడు. ఐదేళ్ళ వయసుకి న్యూయార్క్ వచ్చేశారు, మాన్‌హాటన్‌లో శాన్ హ్వాన్ హిల్ అనే పేట. చిన్నప్పుడు గురువు దగ్గర పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నాడు. పదిహేడేళ్ళు అటూఇటూగా ఉన్నప్పుడు బడి మానేసి, ఊరూరా తిరిగే ఒక మతప్రచారకురాలి బృందంలో పియానో వాయించాడు. అంటే చర్చి పాట, చప్పట్లు, పూనకం వచ్చినట్టు ఊగే జనం. నన్నడిగితే అన్నిటికన్నా పెద్ద ప్రభావం ఇదే. జనాన్ని ఎక్కడ ఆపాలో, ఎంతసేపు నిశ్శబ్దంగా ఉంచాలో ఆయన అక్కడే నేర్చుకుని ఉంటాడు.

రెండోది పియానిస్టు జేమ్స్ పి. జాన్సన్. స్ట్రైడ్ అని ఆయన వాయించే బాణీ ఒకటి ఉంది. ఎడమచెయ్యి కింద మంద్రంలో ఒక దెబ్బ కొట్టి, వెంటనే మధ్యకి ఎగిరి కార్డ్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తి, పట్టుకోవాలి, మళ్ళీ కిందకి. పాట పొడుగునా అంతే, చూడకుండా. మంక్ ఒంటరిగా వాయించినప్పుడు ఆ ఎడమచెయ్యి వినండి, పియానో రాని మనిషి ఆ పని చెయ్యగలడా? మూడోవాడు జాజ్ బృందనాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్. 1955లో రివర్‌సైడ్ రికార్డు కంపెనీకి మంక్ చేసిన మొదటి ఆల్బమ్ మొత్తం ఎల్లింగ్టన్ పాటలే.

1940ల మొదట్లో న్యూయార్క్ హార్లెమ్‌లోని మింటన్స్ క్లబ్బులో మంక్ ఆస్థాన పియానిస్టు. బీబాప్ అనే కొత్త జాజ్ బాణీ పుట్టింది అక్కడే. పేరు మాత్రం వేరేవాళ్ళకి ముందు వచ్చింది. సొంత పేరుతో రికార్డు చెయ్యడానికి 1947 దాకా, ముప్పై ఏళ్ళ వయసు దాకా ఆగాల్సివచ్చింది.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. 1951లో స్నేహితుడు, తోటి పియానిస్టు బడ్ పవెల్‌తో కలిసి కారులో ఉండగా పోలీసులకి మత్తుమందు దొరికింది. మంక్ పవెల్‌కి వ్యతిరేకంగా నోరు విప్పలేదు. జైలుకి వెళ్ళాడు. అప్పట్లో న్యూయార్క్‌లో మద్యం అమ్మే క్లబ్బులో వాయించాలంటే పోలీసుల కార్డు ఉండాలి, అది లాగేసుకున్నారు. సొంత ఊళ్ళో దాదాపు ఆరేళ్ళు క్లబ్బుల తలుపులు మూసుకుపోయాయి. భార్య నెల్లీ ఉద్యోగం చేసి ఇల్లు నడిపింది. 1957లో కార్డు తిరిగొచ్చాక ఫైవ్ స్పాట్ క్లబ్బులో శాక్సోఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్‌తో నెలల తరబడి వాయించాడు. 1964లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీదకెక్కాడు. అదే చేతులు, అవే 'తప్పు స్వరాలు'.

మన దగ్గర కీబోర్డు నేర్పేవాళ్ళతో నా గొడవ ఇక్కడే. నేను చేరిన చోట ఒకసారి కావాలనే రెండు మెట్లు కలిపి నొక్కితే, "వేలు జారింది, మళ్ళీ వాయించండి" అన్నారు. జారలేదండీ అని చెప్పినా వినలేదు. గ్రేడు పరీక్షలో మార్కులు పోతాయన్నారు. సర్టిఫికెట్ కోసం పిల్లల చెవులు ఇలా మూసేస్తే ఎలా? నాలుగేళ్ళు నేర్చుకుని పుస్తకం లేనిదే ఒక్క పాట వాయించలేని పిల్లల్ని నా కళ్ళతో చూశాను. అమ్మగారు నాకు ఒక్కరోజు కూడా పుస్తకం తెరవలేదు, ముందు పాడమనేవారు.

మీరు మొదలుపెట్టాలనుకుంటే 1957 నవంబరులో కార్నెగీ హాల్లో కోల్ట్రేన్‌తో వాయించిన కచేరీ వినండి. ఆ టేపులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఎవరికీ తెలియకుండా పడి ఉండి 2005లో దొరికాయి. ఆ తర్వాత ఒంటరిగా వాయించినవి. ఫోన్ స్పీకరులో మాత్రం వద్దు, ఎడమచెయ్యి వినబడదు.